విండో మనమే గీద్దాం: క్యూటీ డిజైనర్‌తో తొలి అడుగులు

కంప్యూటర్ తెర మీద కనబడే ప్రతి విండో వెనుకా ఎవరో తీసుకున్న నిర్ణయాలు ఉంటాయి. పేరు రాసే గడి ఎక్కడ ఉండాలి, దాని పక్కన ఏ భాషలో ఏ మాట ఉండాలి, అక్షరం ఎంత పెద్దదిగా కనబడాలి, ఏ బటన్ నొక్కితే ఏమి జరగాలి అన్నవన్నీ ఎవరో ముందుగా ఆలోచించి పెట్టినవే. ఆ ఆలోచన చేసినవారు మన ఇంటి పెద్దలను చూసి ఉండరు. అందుకే ఏళ్ల తరబడి ఇంటి జమాఖర్చులను వేలి కణుపుల మీద నడిపించిన దాదీ, తెర ముందు కూర్చోగానే "ఇది నా వల్ల కాదు బేటా" అంటూ లేచిపోతారు. ఉర్దూ చక్కగా చదవగల దాదా ఒక చిన్న దరఖాస్తు నింపడానికి కాగితాలు పట్టుకొని ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్తారు. రుసుము చెల్లించి, తన సొంత వివరాలను పరాయి వ్యక్తికి చెప్పి వస్తారు. లోపం వారి తెలివితేటలలో లేదు. వారిని తలచుకోకుండా గీసిన విండోలో ఉంది.

ఆ విండోను గీసే పని మన పిల్లల చేతికి వస్తే పరిస్థితి మారుతుంది. దాదీ కళ్లకు ఎంత అక్షరం కావాలో మనవరాలికి తెలుసు. దాదా ఏ భాషలో చదువుతారో మనవడికి తెలుసు. తెలియనిదల్లా గీయడమే. ఈ నెల శీర్షికలో ఆ గీయడం ఎలా ప్రారంభించాలో చెప్పదలిచాము. ఇంట్లో ఒక మామూలు కంప్యూటర్, ఎనిమిదో తరగతి దాటిన పిల్లవాడో పిల్లో, వారానికి ఒకటి రెండు గంటల తీరిక ఉంటే చాలు. కోడ్ రాయడం రాకపోయినా ఈ పాఠంలో ఎక్కువ భాగం చేసి చూడవచ్చు.

ఈ పనిముట్టు ఎక్కడిది?

ఒకప్పుడు విండోలోని ప్రతి గడికీ ప్రోగ్రామర్ కొలతలను అంకెలలో రాయవలసి వచ్చేది. ఎడమ అంచు నుంచి ఇన్ని చుక్కలు, పై అంచు నుంచి ఇన్ని చుక్కలు అని లెక్క వేసి రాసి, ప్రోగ్రామును నడిపించి చూసి, గడి పక్కకు జరిగి ఉంటే మళ్ళీ అంకెలు దిద్దేవారు. కళ్లు మూసుకొని గది సర్దినట్లుండేది ఆ పని. తెర మీదనే వస్తువులను చేత్తో పట్టి అమర్చే సాధనాలు వచ్చాక ఈ బాధ తగ్గింది. ఫ్రాన్స్ దేశస్థుడైన జాన్ మారీ ఉలో రూపొందించిన ఇంటర్‌ఫేస్ బిల్డర్, 1988లో వెలువడిన నెక్స్ట్ కంప్యూటర్‌తో కలిసి వచ్చింది. 1990లో సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్ లీ తొలి వెబ్ బ్రౌజర్‌ను కొద్ది నెలల్లోనే పూర్తి చేయగలగడానికి ఆ కంప్యూటర్‌లోని ఇటువంటి సదుపాయాలు తోడ్పడ్డాయి. 1991లో మైక్రోసాఫ్ట్ విజువల్ బేసిక్ వచ్చి, ఈ పద్ధతిని మామూలు కార్యాలయాలకు, కళాశాలలకు చేర్చింది.

ఈ నెల మేము ఎంచుకున్న పనిముట్టు పేరు క్యూటీ డిజైనర్. నార్వేకు చెందిన హావార్డ్ నార్డ్, ఐరిక్ చాంబ్ ఇంగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1990లో అల్ట్రాసౌండ్ చిత్రాలను భద్రపరిచే ఒక ప్రోగ్రాము మీద పనిచేస్తున్నారు. అది విండోస్, మాకింతోష్, యూనిక్స్ మూడింటి మీదా నడవాలి. ఒకే పనిని మూడుసార్లు రాయడం దేనికన్న ప్రశ్న నుంచి క్యూటీ పుట్టింది. 1995లో అది లోకానికి అందింది. దానితో విండోలు గీసే డిజైనర్ 2000 సంవత్సరంలో జతపడింది. ఒకసారి గీసిన విండో విండోస్‌లోనూ, లైనక్స్‌లోనూ, మాక్‌లోనూ పనిచేయడం దీని సుగుణం. పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసుకొని వాడే ఇళ్లకు ఇది చాలా ఉపకరిస్తుంది.

మరొక సుగుణం కూడా చెప్పాలి. దీనిని పైసా చెల్లించకుండా, ఎవరి హక్కునూ కాజేయకుండా వాడుకోవచ్చు. దొంగ కాపీలు వెతుక్కోవలసిన అవసరం లేదు. ముందుగా పైథాన్ భాషను, ఆ తరువాత దాని పిప్ సాధనం ద్వారా పైసైడ్6 అనే కట్టను కంప్యూటర్‌లో స్థాపించుకోవాలి. డిజైనర్ ఆ కట్టలోనే ఉంటుంది. కట్ట కొన్ని వందల మెగాబైట్ల బరువు ఉంటుంది కనుక డేటా చూసుకొని దింపుకోండి. తయారుచేసినదాన్ని తరువాత ఇతరులకు పంచదలచినా, అమ్మదలచినా లైసెన్సు షరతులను చదివి పాటించాలని పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

మౌస్ పట్టకముందు కాగితం

నేర్చుకొనేవారు తరచు ఒకే తప్పు చేస్తారు. డిజైనర్ తెరవగానే కనబడిన బటన్లన్నింటినీ లాగి తెర నింపుతారు. చివరికి ఆ విండో దేనికో వారికే తెలియదు. కనుక ముందు పని ఏదో తేల్చుకోవాలి. ఉదాహరణకు మహల్లాలో ఇళ్ల మధ్య పుస్తకాలు ఇచ్చిపుచ్చుకొనే చిన్న గ్రంథాలయం ఉందనుకుందాం. అలమారాలో తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు పుస్తకాలు ఉన్నాయి. ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో రాసే నోటుబుక్కు స్థానంలో ఒక విండో కావాలి. ఆ విండో ముందు కూర్చొనేది దాదీ.

ఒక తెల్ల కాగితం తీసుకొని మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. విండో ముందు కూర్చొనేది ఎవరు? వారు అన్నింటికంటే ఎక్కువసార్లు చేసే పని ఏది? ఆ పనికి తప్పనిసరిగా కావలసిన వివరాలు ఏవి? ఇక్కడ ఎక్కువగా చేసే పని పుస్తకం ఇచ్చినట్లు రాయడం. కావలసినవి పుస్తకం పేరు, భాష, తీసుకున్నవారి పేరు, ఇచ్చిన తేదీ, తిరిగి ఇవ్వవలసిన తేదీ. పుస్తకం తిరిగి వచ్చినప్పుడు పెట్టడానికి ఒక టిక్కు, వచ్చిన తేదీ. అంతే. పొరుగింటివారి ఆధార్ నంబరు, పుట్టిన తేదీ, జీతభత్యాలు దీనికి అక్కరలేదు. ఇతరులను అడిగి తీసుకొన్న ప్రతి వివరమూ మన దగ్గర ఉంచిన అమానత్ వంటిది. కాపాడవలసిన భారం పెరగకూడదంటే అడగడమే తగ్గించాలి. గడి గీయడం తేలిక కనుక గీసేయడం మంచి అలవాటు కాదు.

తరువాత అదే కాగితం మీద గడుల బొమ్మ పెన్సిల్‌తో వేయండి. పైనుంచి కిందికి, పని జరిగే వరుసలోనే రావాలి. ముందు పుస్తకం చేతికి వస్తుంది, ఆ తరువాత మనిషి పేరు, ఆ తరువాత తేదీ. కాగితం మీద దిద్దడానికి రబ్బరు చాలు. అందుకే ఆలోచన అంతా అక్కడే పూర్తి కావాలి.

డిజైనర్ తెరిస్తే కనబడేవి

డిజైనర్ తెరవగానే ఎటువంటి ఫారం కావాలో అడుగుతుంది. అందులో విడ్జెట్ అన్నదాన్ని ఎంచుకుంటే ఖాళీ విండో ఒకటి మధ్యలో నిలుస్తుంది. ఎడమవైపు విడ్జెట్ బాక్స్ ఉంటుంది. వడ్రంగి పెట్టెలో పనిముట్లు ఉన్నట్లు గడులు, బటన్లు, జాబితాలు, పట్టికలు అందులో వరుసగా ఉంటాయి. కుడివైపు పైన ఆబ్జెక్ట్ ఇన్‌స్పెక్టర్ ఉంటుంది. విండోలో ఏయే వస్తువులు ఉన్నాయో, ఏది దేని లోపల ఉందో అది వంశవృక్షంలా చూపుతుంది. దాని కింద ప్రాపర్టీ ఎడిటర్. మనం ఎంచుకున్న వస్తువు గుణాలన్నీ, అంటే దాని పేరు, రాత, అక్షరాల పరిమాణం వంటివి, అక్కడ మార్చుకోవచ్చు. మొదటి నెలలో ఈ మూడూ తెలిస్తే చాలు.

ఇప్పుడు కాగితం మీది బొమ్మ చూస్తూ వస్తువులు ఎంచుకోవాలి. పుస్తకం పేరు, మనిషి పేరు రాయడానికి లైన్ ఎడిట్ అనే ఒక వరుస గడి సరిపోతుంది. భాషకు గడి ఇస్తే ఒకరోజు "ఉర్దూ" అని, మరొక రోజు "ఉర్దు" అని రాస్తారు. తరువాత వెతికితే సగం పుస్తకాలు దొరకవు. కనుక అక్కడ కాంబో బాక్స్ పెట్టి నాలుగు భాషల పేర్లు ముందే నింపి ఉంచాలి. తేదీకి డేట్ ఎడిట్ ఉంది. దాని గుణాలలో క్యాలెండర్ పాపప్ అన్నదానికి టిక్కు పెడితే నొక్కగానే నెల పట్టిక తెరుచుకుంటుంది. తేదీ కనబడే తీరును రోజు, నెల, సంవత్సరం వరుసలో పెట్టండి. లేకపోతే 05-06 అన్నది జూన్ 5వ తేదీయా, మే 6వ తేదీయా అన్న సందేహం వస్తుంది. తిరిగి వచ్చిందా అన్నదానికి చెక్ బాక్స్. రాసినదాన్ని దాచడానికి, విండో మూయడానికి రెండు పుష్ బటన్లు. రాసినవన్నీ కనబడటానికి కింద ఒక టేబుల్ విడ్జెట్.

రాయవలసినదాన్ని తగ్గించి ఎంచుకోవలసినదాన్ని పెంచితే తప్పులు తగ్గుతాయి. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే ఏ గడికి ఏ వస్తువు తగినదో పిల్లలు తమంతట తామే తేల్చుకోగలరు.

అసలు కీలకం: లేఅవుట్

వస్తువులను లాగి పడేసిన చోటే అవి ఉండిపోతాయి. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ విండోను కొంచెం పెద్దది చేయగానే కుడివైపు ఖాళీ మిగిలిపోతుంది. చిన్నది చేస్తే బటన్లు అంచు అవతలికి పోయి కనబడకుండా పోతాయి. మేకు కొట్టి బిగించిన సామాను గది పెరిగినప్పుడు జరగదు. ఈ ఇబ్బంది తీర్చేది లేఅవుట్. ఇది వస్తువుల మధ్య సంబంధాన్ని చెబుతుంది: ఇది దాని పక్కన ఉండాలి, ఇది దాని కింద ఉండాలి, మిగిలిన చోటు దీనికి ఇవ్వాలి అని. ఎంత చోటు ఉందో చూసి లెక్క వేసుకొనే బాధ్యత కంప్యూటర్‌ది.

లేఅవుట్లు ప్రధానంగా నాలుగు. పక్కపక్కన పేర్చేది ఒకటి, ఒకదాని కింద ఒకటి పేర్చేది రెండవది, అడ్డు నిలువు గళ్లలో అమర్చేది మూడవది, ఎడమ మాట కుడి గడి చొప్పున జంటలుగా పెట్టే ఫారం లేఅవుట్ నాలుగవది. మన విండోకు పై భాగంలో ఫారం లేఅవుట్ తగినది. దాన్ని విండోలోకి లాగి, దాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఒక చిన్న పెట్టె తెరుచుకొని మాట ఏమిటో, గడి ఏ రకమో అడుగుతుంది. అలా ఒక్కొక్క వరుస చేర్చుకుంటూ పోవచ్చు. కింద పట్టిక, దాని కింద బటన్ల వరుస పెట్టండి. చివరిగా విండోలోని ఖాళీ స్థలం మీద క్లిక్ చేసి, మొత్తం విండోకు నిలువు లేఅవుట్ ఇవ్వండి. ఈ చివరి మెట్టును చాలామంది మరచిపోతారు. లోపలి భాగాలకు అమరిక ఉండి బయటి విండోకు లేకపోతే, విండోను సాగదీసినా లోపలివి కదలవు. అమరిక లేని విండోకు ఆబ్జెక్ట్ ఇన్‌స్పెక్టర్‌లో ఎర్రని గుర్తు కనబడుతుంది. అది పోయిందా లేదా చూసుకోండి.

తెలుగు, ఉర్దూ ఇళ్లకు లేఅవుట్ మరింత ముఖ్యం. దీనికి రెండు కారణాలున్నాయి.

మొదటిది మాటల కొలత. ఇంగ్లీషులో "డ్యూ డేట్" అనే రెండు పొట్టి మాటల చోట మనం "తిరిగి ఇవ్వవలసిన తేదీ" అని రాస్తాము. ఇంగ్లీషు మాటకు సరిపడా చోటు బిగించి ఉంచితే తెలుగు మాట సగంలో తెగిపోతుంది. నిలువుగా కూడా ఇదే చిక్కు. తెలుగులో గుణింతపు గుర్తులు పైకి, వత్తులు కిందికి పెరుగుతాయి. ఎత్తు బిగించిన గడిలో "లక్ష్మి", "శాస్త్రం" వంటి మాటల వత్తులు కత్తిరించినట్లు కనబడతాయి. ఉర్దూ నస్తలీఖ్ లిపి ఏటవాలుగా దిగుతుంది కనుక దానికి ఇంకా ఎక్కువ ఎత్తు కావాలి. ఎత్తు, వెడల్పులను మనం బిగించకుండా లేఅవుట్‌కు వదిలేస్తే అక్షరానికి కావలసినంత చోటు అదే ఇస్తుంది.

రెండవది రాసే దిశ. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ఉర్దూ చదివేవారి కన్ను తెర కుడి అంచు నుంచి మొదలవుతుంది. కాబట్టి మాట కుడివైపు, గడి దానికి ఎడమవైపు ఉండాలి. విండోను ఎంచుకొని, ప్రాపర్టీ ఎడిటర్‌లో లేఅవుట్ డైరెక్షన్ అనే గుణాన్ని కుడి నుంచి ఎడమకు అని మార్చి చూడండి. లేఅవుట్‌తో కట్టిన విండో అద్దంలో బొమ్మలా తిరుగుతుంది. మాటలు కుడికి, గడులు ఎడమకు వస్తాయి. బటన్ల వరుస కూడా తిరగబడుతుంది. చేత్తో బిగించిన విండో మాత్రం అలాగే ఉండిపోతుంది. దాదా కోసం మరొక విండో మొదటి నుంచి గీయవలసిన పని లేదు. సరిగా కట్టిన ఒకే విండో ఇద్దరికీ సరిపోతుంది. మాటలను అనువదించి ఉంచడానికి క్యూటీ లింగ్విస్ట్ అనే తోడు సాధనం కూడా ఉంది. దాని సంగతి ఒక అడుగు తరువాత.

పేర్లు, వరుస, చూపు లేనివారు

డిజైనర్‌లో ప్రతి వస్తువుకూ రెండు వేరువేరు సంగతులు ఉంటాయి. ఒకటి మనుషులు చదివే రాత, రెండవది ప్రోగ్రాము పిలిచే పేరు. రాత తెలుగులో, ఉర్దూలో ఎలాగైనా ఉండవచ్చు. పిలిచే పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాలలో, ఖాళీలు లేకుండా, అర్థం తెలిసేలా ఉండాలి. డిజైనర్ తానుగా ఇచ్చే "పుష్ బటన్ 2", "లైన్ ఎడిట్ 3" వంటి పేర్లను అలాగే వదిలేస్తే, తరువాత కోడ్ రాసేటప్పుడు ఏది ఏదో తెలియక తికమక పడవలసి వస్తుంది. ఇంట్లో డబ్బాల మీద ఉప్పు, పంచదార అని చీటీలు అంటించుకోవడం వంటిదే ఈ పని.

ట్యాబ్ మీట నొక్కినప్పుడు కర్సర్ ఏ గడి నుంచి ఏ గడికి వెళ్ళాలో కూడా చెప్పాలి. దీనికి ఎడిట్ మెనూలో ట్యాబ్ ఆర్డర్ అనే వీలు ఉంది. దానిలోకి వెళ్తే ప్రతి వస్తువు మీదా ఒక అంకె కనబడుతుంది. మనకు కావలసిన క్రమంలో వాటి మీద క్లిక్ చేస్తూ పోతే వరుస మారుతుంది. చేతివణుకు వల్ల మౌస్‌ను నిలకడగా పట్టలేని పెద్దలకు ఇది గొప్ప ఊరట. కీబోర్డుతోనే పని పూర్తవుతుంది.

చూపు లేనివారు కంప్యూటర్‌ను స్క్రీన్ రీడర్ సాయంతో వింటారు. వారికి గడి ఆకారం తెలియదు. దాని పేరు వినబడాలి. మాటను దాని గడితో జత చేసే ఏర్పాటును డిజైనర్‌లో బడ్డీ అంటారు. జత చేసినప్పుడు స్క్రీన్ రీడర్ ఆ మాటనే గడి పేరుగా చదువుతుంది. పక్కన మాట లేని వస్తువులకు యాక్సెసిబుల్ నేమ్ అనే గుణంలో పేరు రాయాలి. అలాగే ఆలస్యమైన పుస్తకాన్ని ఎరుపు రంగుతో మాత్రమే చూపవద్దు. రంగుల తేడా తెలియనివారు ఉంటారు. రంగుతో పాటు "గడువు దాటింది" అన్న మాట కూడా ఉండాలి.

అక్షరాల పరిమాణం సంగతి తేలిక. మొత్తం విండోను ఎంచుకొని ఫాంట్ గుణంలో 14 అని పెట్టండి. లోపలి వస్తువులన్నీ దాన్నే అనుసరిస్తాయి. లేఅవుట్ ఉంది కనుక గడులు కూడా తగినట్లు పెరుగుతాయి.

కోడ్ లేకుండానే ఒక కదలిక

పుస్తకం తిరిగి రాకముందే వచ్చిన తేదీ రాయడం అర్థం లేని పని. చెక్ బాక్స్‌లో టిక్కు పెట్టేదాకా ఆ తేదీ గడి నిద్రపోయి ఉండాలి. దీన్ని ఒక్క వరుస కోడ్ లేకుండా చేయవచ్చు. మొదట ఆ తేదీ గడిని ఎంచుకొని, ఎనేబుల్డ్ అన్న గుణం ముందున్న టిక్కు తీసేయండి. తరువాత ఎఫ్4 మీట నొక్కండి. ఇప్పుడు చెక్ బాక్స్ మీద మౌస్ నొక్కి పట్టి, తేదీ గడి దాకా లాగి వదలండి. ఒక పెట్టె తెరుచుకుంటుంది. దాని కింది భాగంలో, విడ్జెట్ నుంచి సంక్రమించినవాటిని కూడా చూపాలా అన్న చోట టిక్కు పెట్టండి. ఎడమ జాబితాలో "టాగుల్డ్", కుడి జాబితాలో "సెట్ ఎనేబుల్డ్" ఎంచుకొని ఒప్పుకోండి. ఎఫ్3 నొక్కితే మళ్ళీ మామూలు స్థితికి వస్తారు.

ఒక వస్తువు పంపే కబురును క్యూటీలో సిగ్నల్ అని, దాన్ని అందుకొని చేసే పనిని స్లాట్ అని అంటారు. చెక్ బాక్స్ "నా మీద టిక్కు పడింది" అని కబురు పంపింది. తేదీ గడి మేలుకొంది. పెద్ద పెద్ద ప్రోగ్రాములన్నీ ఇటువంటి కబుర్ల మీదనే నడుస్తాయి. ఇప్పుడు కంట్రోల్, ఆర్ మీటలు కలిపి నొక్కితే విండో నిజంగా నడిచినట్లు ప్రివ్యూలో కనబడుతుంది. టిక్కు పెట్టి, తీసి చూడండి. పిల్లల ముఖంలో వెలుగు వచ్చేది సరిగ్గా ఈ చోటే.

పరీక్ష: పక్కన కూర్చొని మౌనంగా ఉండటం

విండో బాగుందో లేదో గీసినవారు చెప్పలేరు. వారికి ప్రతి గడీ తెలుసు కదా. వాడేవారే చెప్పాలి. ప్రివ్యూ తెరిచి దాదీని పిలవండి. "దాదీ, పక్కింటి ఖాలాకు ఈ పుస్తకం ఇచ్చినట్లు ఇందులో రాస్తారా?" అని మాత్రమే అడగండి. ఎక్కడ నొక్కాలో చెప్పవద్దు, వేలు చూపవద్దు. దాదీ ఎక్కడ ఆగారు, ఏ మాట రెండుసార్లు చదివారు, ఏ బటన్ మీద చేయి పెట్టి వెనక్కు తీసుకున్నారు అన్నది కాగితం మీద రాసుకోండి. ఆమె ఆగిన చోట విండోలో మార్పు కావాలి. ఆమెకు నేర్పించి సరిపుచ్చితే లోపం అలాగే ఉండి, రేపు మరొకరిని ఆపుతుంది.

ఈ పరీక్షలో పిల్లలు నేర్చుకొనేది కంప్యూటర్ విద్యను మించినది. తాము మూడు రోజులు కష్టపడి గీసినదాన్ని పెద్దావిడ అర్థం కాలేదంటే ముందు రోషం వస్తుంది. తరువాత ఆలోచన వస్తుంది. "సేవ్" అన్న మాట తీసి "రాసి ఉంచు" అని పెడితే దాదీ ఆగకుండా ముందుకు వెళ్ళారని చూసినప్పుడు, ఎదుటివారి చోటులో నిలబడి చూడటం అంటే ఏమిటో బోధపడుతుంది. ఈ గుణం ఉన్నవారు రేపు ఏ ఉద్యోగంలో ఉన్నా ప్రజలకు అక్కరకు వస్తారు.

గీసినదానికి ప్రాణం

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. డిజైనర్‌లో గీసినది విండో రూపం మాత్రమే. "రాసి ఉంచు" అన్న బటన్ నొక్కినా ప్రస్తుతానికి ఏదీ దాచబడదు. డిజైనర్ మన బొమ్మను యూఐ అనే తోక పేరుతో ఒక ఫైలుగా భద్రపరుస్తుంది. అది ఎక్స్ఎమ్ఎల్ పద్ధతిలో రాసిన మామూలు పాఠ్యమే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవవచ్చు. ఆ ఫైలును పైథాన్ ప్రోగ్రాము రెండు విధాలుగా వాడుకుంటుంది. క్యూయూఐలోడర్ అనే సాధనంతో నేరుగా చదివి విండోను నిలబెట్టడం ఒకటి. పైసైడ్‌తో వచ్చే యూఐసీ అనే సాధనంతో దాన్ని ముందే పైథాన్ కోడ్‌గా మార్చుకోవడం రెండవది. కొత్తవారికి మొదటిది తేలిక. విండోలో ఏదైనా మారిస్తే ఫైలు దాచుకొని ప్రోగ్రామును మళ్ళీ నడిపితే చాలు. రెండవ పద్ధతిలో పుట్టిన కోడ్‌ను చేత్తో దిద్దకూడదు. విండోను మార్చి మళ్ళీ తయారు చేయగానే ఆ దిద్దుబాట్లన్నీ కొట్టుకుపోతాయి.

వివరాలను దాచడానికి పైథాన్‌తో పాటే వచ్చే ఎస్క్యూలైట్ సరిపోతుంది. బటన్ కబురు అందగానే గడులలోని మాటలను తీసుకొని పట్టికలో చేర్చే కోడ్ రాయడం ఆ తరువాతి మెట్టు. రూపం ఒక ఫైలులో, పని మరొక ఫైలులో ఉండటం వల్ల అన్న కోడ్ రాస్తుంటే చెల్లెలు విండో సరిదిద్దవచ్చు. ఒకరి పని ఒకరికి అడ్డు రాదు.

తల్లిదండ్రులకు ఒక మాట

పిల్లలు కంప్యూటర్ ముందు ఎంతసేపు కూర్చున్నారన్న లెక్క అందరూ వేస్తారు. ఆ సమయంలో ఏమి తయారైందన్న లెక్క కూడా వేయవలసి ఉంది. నాలుగు వారాలకు ఈ ప్రణాళిక సరిపోతుందని మా అభిప్రాయం. మొదటి వారం కాగితం మీద మూడు ప్రశ్నలు, పెన్సిల్ బొమ్మ. రెండవ వారం స్థాపన, వస్తువులను ఎంచుకోవడం. మూడవ వారం లేఅవుట్, పేర్లు, ట్యాబ్ వరుస, చెక్ బాక్స్ కబురు. నాలుగవ వారం ఇంట్లో ఇద్దరు పెద్దలతో పరీక్ష, దిద్దుబాటు. వారానికి రెండు గంటలు మించనక్కరలేదు.

అమ్మాయిలకు, అబ్బాయిలకు ఈ పని సమానంగా అప్పగించండి. మీకు కంప్యూటర్ రాకపోవడం ఇక్కడ లోపం కానే కాదు. విండోను పరీక్షించడానికి అటువంటివారే కావాలి. పిల్లలు గీసిన విండోలో మీకు అర్థం కాని మాట కనబడితే సిగ్గుపడకుండా "ఇది నాకు తెలియలేదు బేటా, మరోలా రాస్తావా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న పది పాఠాల పెట్టు.

వచ్చే సంచిక వచ్చేలోపు మీ ఇంట్లో ఒక పని ఎంచుకోండి. పుస్తకాల పట్టీ కాకపోతే మందుల వేళలు, పాలవాడి లెక్క, దుకాణంలో అరువు ఖాతా, ఏదైనా సరే. కాగితం మీద గీసి, డిజైనర్‌లో కట్టి, ఇంటి పెద్దల ముందు పెట్టండి. పిల్లలు మౌనంగా పక్కన కూర్చున్నప్పుడు పెద్దావిడ ఎవరినీ అడగకుండా చివరి బటన్ దాకా వెళ్ళగలిగితే, మొదటి పాఠం పూర్తయినట్లే. వచ్చే నెల ఆ బటన్‌కు ప్రాణం పోసే కోడ్ రాయడం మొదలుపెడదాం.